దాటేసిన వాక్యం

తుఫాను షెల్టరు డాబాకి ఇరవై ఆరు మెట్లు. పైడితల్లి అవి ఎక్కేలోపు నాలుగుసార్లు ఆగింది. ఎడమ చేతిని కుడి చేత్తో పొట్టకి ఆనించుకుని, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎక్కింది. డయాలసిస్ సూదుల కోసం ఆ చేతిలో నరం ఉబ్బించి రెండేళ్ళయింది. దాని మీద బరువు పడకూడదు.

డాబా నైరుతి మూల అప్పటికే పది పన్నెండు మంది ఉన్నారు. కొత్తగండిపాలెం మొత్తానికి కొత్త ఫోను కంపెనీ సిగ్నలు అందే చోటు అదొక్కటే. ఒకడు పిట్టగోడ మీదికి వంగి, గుజరాతులో వేరావల్ రేవులో ఉన్న తమ్ముడితో అరిచి మాట్లాడుతున్నాడు. ఇంకొకడు ఫోను చేతిలో పైకెత్తి, అటూ ఇటూ రెండడుగులు వేసి చూస్తున్నాడు. ఎవరికి ఏ మెసేజు వచ్చినా చదివి చెప్పడానికి ఢిల్లీరావు రోజూ సాయంత్రం అక్కడికి వస్తాడు. ముప్పై ఏళ్ళు ఆ ఊరి బ్రాంచి పోస్టాఫీసులో కూర్చున్న మనిషి. రిటైరయ్యాక కూడా ఊరు ఆయన్ని ఊరికే కూర్చోనివ్వలేదు.

"పోస్టు మావా, ఇటు సూడు. పైకొచ్చీసరికి టింగుటింగుమంతన్నాది" అంది పైడితల్లి, ఫోను చేతికిస్తూ.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ఒకే నెంబరు నుంచి మూడు మిస్డ్ కాల్స్. ఉదయం పదకొండూ అయిదు, పదకొండూ తొమ్మిది, పదకొండూ ఇరవై.

"సోంపేటోలేనా?"

"వాళ్ళే."

పైడితల్లి పిట్టగోడ పక్కన నేల మీద కూర్చుంది. చెంగుతో మెడ తుడుచుకుంది. సోంపేటలో ఒక ట్రస్టు వాళ్ళు నడిపే డయాలసిస్ కేంద్రంలో ఖాళీ కోసం ఆమె పేరు రాయించి ఏడు నెలలైంది. అది ఆటోలో అరగంట దూరం. అక్కడ సీటు దొరికేదాకా వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, తెల్లారకముందే లేచి ఆటో, బస్సు ఎక్కి టెక్కలి పోవాలి. అక్కడ నాలుగు గంటలు మిషను మీద పడుకుని, తల తిరుగుతూ పొద్దుగూకే వేళకి ఇల్లు చేరాలి.

ఢిల్లీరావు ఆ నెంబరుకి ఫోను చేశాడు. ఎత్తిన సిస్టరు గొంతులో విసుగు లేదు.

"మూడుసార్లు చేశామండీ. స్విచాఫ్ అనో, అందుబాటులో లేదనో వచ్చింది. ఆ బెడ్డు తర్వాతి పేరుకి ఇచ్చేశాం. అటువైపు కూడా మనిషే కదండీ, ఎంతసేపు ఆపుతాం?"

"మళ్ళీ ఎప్పుడు ఖాళీ రావచ్చమ్మా?"

"రేపు రావచ్చు, రెండు నెలలకి రావచ్చు. పేరు తియ్యలేదు, పైనే ఉంచాను. కానీ ఇంకోసారి అందకపోతే తీసేస్తారు. అది మా రూలు. పిలిచిన రెండు గంటల్లో మనిషి ఇక్కడుండాలి. ఇంట్లో మోగే నెంబరు ఒకటి ఇవ్వండి బాబూ."

ఫోను పెట్టేశాక ఆయన ఆ మాటలన్నీ పైడితల్లికి చెప్పాడు. రూలు సంగతి చెప్పేటప్పుడు మాత్రం, "పైనే ఉంచారట, బెంగ లేదు" అని ఊరుకున్నాడు.

కింద వలల పాకలో ఊరి పెద్ద సన్యాసిరావు చిరిగిన వల అల్లుతున్నాడు. వల కొసని కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి, రెండో చేత్తో సూది ఆడిస్తున్నాడు. పక్కన పైడితల్లి అత్త బుచ్చమ్మ ఎండు కవ్వళ్ళ చేపలు ఏరుతోంది. ఢిల్లీరావు జరిగింది చెప్పి, "బావా, ఒక్క పైడితల్లికి ఊరి కట్టు వదిలెయ్యి. పాత కంపెనీది కొత్త సిమ్ము ఒకటి తీయిస్తాను. పాత కంపెనీది ఇళ్ళల్లో మోగేది కదా" అన్నాడు.

సన్యాసిరావు సూది ఆపలేదు. "కట్టు ఎవుళు సేసినారు? నానొక్కణ్ణేనేటి? ఊరంతా ఈ పాకలోనే కూకుని సేసినాం. రెండొందల నెంబర్లూ కొత్త కంపెనీకి మారాల, ఆర్నెల్లు ఒక్కటీ కదలకూడదు, అలగని ఒప్పుకుంటేనే టవరేత్తామన్నారు. వేరే సిమ్ము ఏసినోడు తప్పు కట్టాల, ఆడింటికి పడవ మీద వాటా లేదు. ఈయేళ పైడితల్లికి ఒగ్గితే రేపు నా మనవడికి ఒగ్గాల. ఎల్లుండి ఊరే ఉండదు, టవరూ ఉండదు."

"అది రోగిష్టి మనిషి బావా."

"నా కోడలు కాదేటి రోగిష్టి? ఈ ఊళ్ళో రోగం లేనిల్లు ఏదో నువ్వే సూపించు."

బుచ్చమ్మ తల ఎత్తకుండానే అంది: "మాకొద్దు బాబూ. దొంగసాటుగా ఏసుకుందారన్నా కుదర్దు. ఏ ఇంట్లోనూ మోగని ఫోను మా ఇంట్లో మోగితే, సముద్రం మీదోడిక్కూడా ఇనబడతాది. నా కొడుకు వేరావల్నుంచి వత్తే ఏ పడవెక్కుతాడు?"

సన్యాసిరావు వల మడిచి పక్కన పెట్టాడు. గొంతు కాస్త తగ్గించాడు. "ఇదిగో బావా. నెల్లో టవరన్నారు. నలభై రోజులయ్యాది. ఆ కంపెనీ కాగితం ఊరికి సదివినోడివి నువ్వే. పలాస ఎల్లి ఆళ్ళనడుగు. గట్టిగా అడుగు. సదువుకున్నోడివి, నీకు బెదురేటి?"

మంగళవారం తెల్లవారుజామున ఢిల్లీరావు పైడితల్లితో బయలుదేరాడు. టెక్కలి దారిలోనే పలాస. ఆమెను దింపి వెనక్కి వచ్చేసరికి షాపు తీస్తారని ఆయన లెక్క. సోంపేటలో బస్సు కదిలిపోతుంటే కండక్టరు చెయ్యి బయటపెట్టి ఆపించాడు. "మంగళవారం అమ్మ రాకుండా బండి ఎలా తీస్తామండీ" అని ముందు సీట్లో కూర్చున్న కుర్రాణ్ణి లేపాడు. పైడితల్లి కిటికీ వైపు కూర్చుని, సంచీలోంచి అరచేతిలో పట్టే స్టీలు గ్లాసు తీసి, అడుగున ఉన్న గుక్కెడు నీళ్ళతో పెదాలు తడుపుకుంది. రోజు మొత్తానికి ఆమెకు అలాంటివి నాలుగు గ్లాసులే.

"కాంతమ్మత్తుంటే, ఈపాటికి నిన్నే తిట్టీది మావా" అంది నవ్వుతూ. "ఆళ్ళకీళ్ళకి తిరిగి నువ్వు పడిపోతావని."

"తిట్టి, టిఫిను కట్టిచ్చేది" అన్నాడాయన. భార్య పోయి మూడేళ్ళయినా, ఆవిడ పేరు అంత మామూలుగా తీసేవాళ్ళు ఊళ్ళో ఇద్దరు ముగ్గురే ఉన్నారు. దానికి ఆయన మనసులో పైడితల్లికి దణ్ణం పెట్టుకున్నాడు.

టెక్కలిలో ఆమెను బరువు చూసే మిషను దాకా తీసుకెళ్ళి, సంచీ మంచం కింద పెట్టి, మళ్ళీ పలాస బస్సెక్కాడు. పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో దిగేసరికి పదిన్నర. జీడిపప్పు కార్ఖానాల కాలిన తొక్కల వాసన రోడ్డంతా ఉంది. కంపెనీ షాపు కొత్తగా, అద్దాలతో ఉంది. లోపల ఏసీ. చెప్పులు బయట విప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, తొడుక్కునే వెళ్ళాడు.

కౌంటరు దగ్గరి అమ్మాయి చొక్కా మీద మాధవీలత అని రాసి ఉంది. ఆయన చెప్పిందంతా విని, కంప్యూటరు తెర ఇటు తిప్పింది.

"చూడండంకుల్. మా మ్యాపులో మీ ఊరు కవరేజీలోనే ఉంది."

తీరమంతా గులాబీ రంగు. ఇచ్ఛాపురం నుంచి కిందిదాకా ఒక్క మరక లేకుండా పూసేశారు. ఢిల్లీరావు వేలు పెట్టి చూపించాడు.

"ఇది మా ఊరమ్మా. ఈ పక్కదంతా సముద్రం. సముద్రానికి కూడా రంగేశారు."

మాధవీలత నవ్వు ఆపుకుంది. "అది హైదరాబాదులో వేస్తారంకుల్. మాకు తెలీదు."

"పోనీ, ఒక్క నెంబరు వెనక్కి పాత కంపెనీకి పంపండి. పేషెంటమ్మా."

"తొంభై రోజుల దాకా అవ్వదు. అది మా చేతిలోది కూడా కాదు, అందరికీ అంతే. పైగా మీ ఊరివాళ్ళంతా ఆర్నెల్ల ప్లానేయించుకున్నారు, అదీ వెనక్కి రాదు."

"సిమ్ములు మార్పించడానికి మీ కృష్ణచైతన్య గొడుగేసుకుని మా ఊళ్ళో కూర్చున్నాడు. నెల్లో టవరన్నాడు. కాగితం కూడా ఇచ్చాడు. సంతకాలు పెట్టించుకున్నాడు. దాన్ని మీరు కాదంటారా?" ఆయన గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. సిమ్ము కోసం కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు తిరిగి చూశారు.

"కృష్ణచైతన్య మానేశాడంకుల్. టార్గెట్ అయ్యాక ఇవ్వాల్సిన కమీషను కంపెనీ ఇచ్చినట్టు లేదు. నిలబడే ఉన్నారు, కూర్చోండి." ఆమె లేచి, డబ్బాలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తర్వాత లోపలికి వెళ్ళి ఒక ఫైలు తీసింది. చాలాసేపు వెతికి, ఒక కాగితం జిరాక్సు తీసి ఆయన ముందు పెట్టింది. "ఇదేనా?"

అదే. పైన కంపెనీ గుర్తు. తెలుగులోనే ఉంది. గ్రామస్తుల పేర్లు, వేలిముద్రలు. అడుగున ఆయన స్వంత దస్తూరీ, గుండ్రటి అక్షరాలు: చదివి వినిపించినవారు, ఢిల్లీరావు, రిటైర్డు బ్రాంచి పోస్టుమాస్టరు.

"ఆరో పేరా చూడండి" అంది మాధవీలత మెల్లగా.

ఆయన చూడక్కర్లేదు. అయినా చూశాడు. "టవర్ నిర్మాణం సాంకేతిక, వాణిజ్య సాధ్యాసాధ్యాలకు లోబడి ఉండును. ఇందులోని ఏ అంశమునూ కంపెనీ ఇచ్చిన హామీగా పరిగణించరాదు."

ఆ రోజు పాకలో ఆయన లేచి నిలబడి చదువుతున్నాడు. మగవాళ్ళు వలల మీద, ఆడవాళ్ళు గుమ్మం దగ్గర, పిల్లలు గుంజల మీద. కళ్ళు ఆరో పేరా మీద పడ్డాయి. ఊరంతా నవ్వు ముఖంతో ఉంది. సముద్రం మీద ఎనిమిది మైళ్ళ దాకా ఫోను అందుతుందని ఎవరో అప్పుడే అన్నారు. ఆయన కళ్ళు ఆ వాక్యం మీద ఆగాయి, నాలుక ఆగలేదు. ఏడో పేరాకి వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళ అలవాటు. చెన్నపట్నం బోట్ల నుంచి, గుజరాతు రేవుల నుంచి వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించేటప్పుడు 'జీతం ఇవ్వట్లేదు' అన్న ముక్క వచ్చినా, 'రక్తం కక్కుకున్నాను' అన్న ముక్క వచ్చినా, ఎదురుగా కూర్చున్న తల్లి ముఖం చూసి అది దాటేసి, 'అందర్నీ అడిగినట్టు చెప్పు' దగ్గరికి వెళ్ళిపోయేవాడు. దాన్ని ఆయన ఎప్పుడూ అబద్ధం అనుకోలేదు. ఆ రోజూ అనుకోలేదు. అసలు ఏమీ అనుకోలేదు.

"అంకుల్, నీళ్ళు తాగండి" అంది మాధవీలత. కాగితం మడిచి ఆయన జేబులో తనే పెట్టింది. జిరాక్సుకి డబ్బులేమీ అడగలేదు. గుమ్మం దాకా వచ్చి, మేనేజరు గది వైపు చూసి, గొంతు తగ్గించింది. "నేను చెప్పానని అనకండి. మీ ఊరికి టవరు లేదు. ఈ ఏడాది లిస్టులో లేదు, వచ్చే ఏడాదిదీ చూశాను, అందులోనూ లేదు. ఆ పేషెంటుకి పాత కంపెనీ సిమ్ము ఇంకోటి కొనిచ్చేయండి. వద్దనే రూలు మాకేమీ లేదు."

రూలు ఎవరిదో ఆయనకి తెలుసు. దాన్ని విప్పాలంటే ఏం చెయ్యాలో కూడా తెలుసు.

సాయంత్రం పలాసలో ఆయన ఎక్కిన టెక్కలి బస్సులో పైడితల్లి కాలి పిక్కలు పట్టేసి, కళ్ళు మూసుకుని ఉంది. ఊళ్ళో ఆటో దిగగానే సన్యాసిరావు ఎదురొచ్చాడు. "ఏటన్నారు బావా?"

"చూస్తామన్నారు" అన్నాడు ఢిల్లీరావు.

అనేశాక, ఆ మాట తన నోటిలోంచే వచ్చిందని ఆయనకి ఒక్క నిమిషం నమ్మకం కలగలేదు.

బుధవారం ఆయన ఇల్లు కదలలేదు. పొద్దున్నే అరుగు కడిగాడు. కాంతమ్మ పెట్టిన కరివేపాకు చెట్టుకి పాదు తవ్వాడు. పది దాటాక అరుగు మీద కూర్చుని జేబులోంచి కాగితం తీశాడు, చదవకుండానే మళ్ళీ పెట్టాడు. వీధిలో వెళ్ళేవాళ్ళు పలకరిస్తున్నారు. "పోస్టు మావా, టవరెప్పుడంట?" "పోస్టు బాబూ, ఆ కంపెనీ నాకొడుకుల్ని ఉతికేసినావంట కదా!" ఆయన నవ్వుతున్నాడు. పాకలో లేచి నిలబడి ఏమని మొదలుపెట్టాలో, ఏ మాటతో ఆపాలో లోలోపల పదిసార్లు చదువుకున్నాడు. ప్రతిసారీ అందులో ఏదో ఒక వాక్యం తగ్గుతోంది.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు పెరటి గోడ అవతల పైడితల్లి గొంతు వినిపించింది. డయాలసిస్ మర్నాడు ఆమె లేవదు. మంచం మీంచే కోడిని అదిలిస్తోంది. అదిలింపులో బలం లేదు, కోడికి భయమూ లేదు. ఆయన ముద్ద కంచంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు. చొక్కా తొడుక్కుని సన్యాసిరావు ఇంటికి వెళ్ళి, "బావా, సాయంత్రం పాకలో ఊరిని కూర్చోబెట్టు. కాగితం చదవాలి" అన్నాడు.

"సదివినావు కదేటి."

"సగం చదివాను."

పడవలు ఒడ్డుకి లాగేసి, వెలుతురు ఉండగానే ఊరు చేరింది. ఢిల్లీరావు నిలబడి ఆరో పేరా చదివాడు. ఒకసారి చదివితే పెద్ద మాటలు ఎవరికీ అర్థం కాలేదు. రెండోసారి చదివి, "టవరు వేస్తామని మేం మాట ఇవ్వలేదు అని దీనర్థం. ఇది ఆ రోజూ కాగితంలో ఉంది. నేను చూశాను. చదవలేదు. టవరు రాదు. నిన్ననే నాకు తెలిసింది, నిన్న కూడా చెప్పలేదు" అన్నాడు.

మొదట లేచింది పడవ నడిపే కుర్రాడు.

"నలభై రోజులు నీళ్ళ మీద సెవిటోలమై తిరిగినాం. మొన్న ఇంజనాగిపోతే, ఒడ్డుకి సెప్పుకోడానికి సిగ్నలు నేక మూడు గంటలు కొట్టుకుపోయినాం. కంపెనీవోడు మోసగాడు, ఆడ్ని తిట్టుకున్నాం. నువ్వేటి సేసినావు మావా మరి?"

ఢిల్లీరావు ఆరో పేరా మీద పెట్టిన వేలు తియ్యలేదు.

"అల్లక్కూకోరా, కుర్రోడా" అంది బుచ్చమ్మ గుమ్మం దగ్గర్నుంచి. "మీకేటి తెల్సు. మా ఆయన పారాదీపులో పోయినప్పుడు ఉత్తరమొచ్చింది. ఈడు సదివినాడు. ఒంట్లో బాగోలేదంట, నువ్వు రావాలంట అని సదివినాడు. అక్కడే తెలిసిపోనాది నాకు. మంచి ముక్కయితే ఈడు బేగి సదువుతాడు. సెడ్డ ముక్కొస్తే గొంతు తడుపుకుంటాడు, దాటేత్తాడు. ఈ ఊళ్ళో ముసిలోలందరికీ తెల్సిందే."

పాకలో ఇద్దరు ముగ్గురు ముసలాళ్ళు తలలు ఊపారు. ఒకామె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది కూడా.

ఢిల్లీరావు ఒక్కొక్క ముఖం చూశాడు. ముప్పై ఏళ్ళు. వాళ్ళ కోసం తను దాస్తున్నానని అనుకున్నాడు. తన కోసం వాళ్ళు తెలియనట్టు కూర్చున్నారు.

"మాకు తెల్సు బావా" అన్నాడు సన్యాసిరావు. కోపం లేదు, అదే ఎక్కువ బరువుగా ఉంది. "తెలిసే నీకాడికి ఒచ్చీవోలం. ఏడుపు ఇంటికెల్లి ఏడుసుకోవచ్చని. ఉత్తరాలకయితే అది బాగుంటాది. ఇది ఉత్తరం కాదు. ఆ రోజు నువ్వు గొంతు తడుపుకున్నావు, నాను సూసినాను. ఊరికి మంచే కదాని నానూ ఊరుకున్నాను. తప్పు నీదొక్కడిదే అంటే దేవుడొప్పుకోడు."

ఆయన లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"కట్టు తీసేత్తన్నాం. రేపట్నుంచి ఎవుళి ఫోను ఆలిట్టం. ఇంకోటి. ఇకనించి ఊరికి ఏ కాగితమొచ్చినా నా మనవరాలు ప్రమోదిని సదువుతాది. ఇంటరు సదువుతన్నాది. దానికి మన మొకాలు సూసి సదవడం ఇంకా రాదు. బావా, నువ్వు పక్కన కూకుని, తెలీని మాటకి అర్దం సెప్పు. సాలు."

గుంపు వెనక నిలబడ్డ ప్రమోదిని సిగ్గుపడి గుంజ చాటుకి వెళ్ళింది. ఢిల్లీరావు కాగితం మడిచి ఆ పిల్ల చేతికిచ్చాడు. పాకలోంచి బయటికి నడిచేటప్పుడు దారి ఇచ్చిన వాళ్ళంతా ఎప్పటిలాగే ఇచ్చారు. అది ఆయనకి ఇంకా కష్టమనిపించింది.

గురువారం ఎండెక్కాక పైడితల్లిని తీసుకుని ఆటోలో సోంపేట బయలుదేరాడు. సిమ్ము తీసుకోవాలి, కేంద్రంలో ఆ నెంబరు రాయించాలి. జీడిమామిడి తోటల మధ్య దారి. పైడితల్లి ముఖంలో చాలా రోజులకి కాస్త కళ కనిపించింది.

"మావా, ఫోను సౌండు ఎక్కువ పెట్టించాల. సచ్చినోడు కూడా లేచీలాగ."

"పెట్టిద్దాం."

పెద్దరోడ్డు దగ్గరికి రాగానే ఆమె ఒళ్ళో సంచీలోంచి టింగుమంది. మళ్ళీ టింగు. మళ్ళీ. ఆమె సంచీలో చెయ్యి పెట్టి ఫోను తీసి ఆయనకిచ్చింది.

"ఏటి మావా? కంపెనీవోలు రీచార్జీ కోసమేనా?"

ఆయన చూశాడు. నెంబరు చూడగానే గుర్తుపట్టాడు. గొంతు తడి ఆరింది. మింగబోయి, బుచ్చమ్మ మాట గుర్తొచ్చి, మింగకుండానే చదివాడు.

"సోంపేట కేంద్రం నుంచి. నిన్న, బుధవారం. పదీ ముప్పై రెండుకి ఒకసారి. పదీ నలభైకి ఒకసారి. పదకొండుకి ఒకసారి."

పైడితల్లి చెంగు కొస వేలికి చుట్టింది, విప్పింది.

"ఇంకా పేరుంటాది కదా మావా? పైనే ఉంచినారన్నావు."

"ఇంకోసారి అందకపోతే తీసేస్తామని కూడా అన్నారు. సోమవారం అది నీకు చెప్పలేదు."

కేంద్రంలో సిస్టరు వాళ్ళని చూడగానే లేచింది. రిజిస్టరు తీసి, కొట్టేసిన గీత చూపించకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ బెడ్డు నందిగాం వైపు మనిషికి వెళ్ళిందని, నిన్న మధ్యాహ్నమే వచ్చి చేరాడని చెప్పింది. మళ్ళీ మొదటి నుంచి రాయాలి. కొత్త పేజీలో పద్నాలుగో వరుసలో పైడితల్లి పేరు రాసి, దారిలో అప్పుడే కొన్న సిమ్ము నెంబరు ఎర్ర సిరాతో రెండుసార్లు దిద్దింది.

"ఒకసారి నేనే చేసి చూస్తానుండండి" అని తన ఫోనుతో కలిపింది. పైడితల్లి చేతిలో ఫోను గట్టిగా మోగింది. వరండాలో మంచాల మీది వాళ్ళు తలలు తిప్పి చూశారు. సిస్టరు కట్ చేసింది.

బయట వేపచెట్టు కింద సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. ఢిల్లీరావు చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేలకేసి మాట్లాడాడు.

"మంగళవారం పదకొండున్నరకే ఆ కాగితం నా జేబులో ఉంది. ఆ సాయంత్రమే పాకలో చెప్పి ఉంటే, బుధవారం పొద్దున్నే సిమ్ము వచ్చేది, ఇక్కడ ఆ నెంబరు రాయించేవాణ్ణి. పదిన్నరకి నీ ఫోను మోగేది. ఆ వేళకి నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. కాగితం తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను."

పైడితల్లి చిన్న గ్లాసు తీసింది, చూసింది, తాగకుండానే సంచీలో పెట్టింది. రోడ్డు మీద కొబ్బరికాయల లారీ ఒకటి పోయింది. దాని దుమ్ము అణిగేదాకా ఇద్దరూ కూర్చున్నారు. ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆయనకి. ఏడ్చినా బాగుండును.

"పద్నాలుగంటే ఎన్నాళ్ళు మావా?"

"తెలీదు. ఆర్నెల్లు పట్టొచ్చు. ఎక్కువైనా పట్టొచ్చు."

ఆమె తల ఊపింది. ఆ జవాబుని అలాగే, ఏ చివరా కత్తిరించకుండా తీసుకున్నట్టుంది. ఎడమ చేతిని ఒళ్ళోకి తీసుకుని, ఉబ్బిన నరం మీద వేళ్ళు ఆనించి, లోపల రక్తం ఝుమ్మంటోందో లేదో చూసుకుంది. లేచి నిలబడి, సంచీ తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"రేపు శుక్రవారం. నాలుగున్నరకి ఆటో. నువ్వు రావాల. ఈ సంచీ నాను మొయ్యలేకపోతన్నాను."

"వస్తాను."

"రేపొక్కరోజు కాదు."

"ఎన్నాళ్ళు?"

"ఆళ్ళు పిలిసీదాకా" అంది పైడితల్లి.